స్వచ్ఛంద వెబ్ డైరెక్టరీలు: నిర్వహణలోని చిక్కులు

అంతర్జాలంలోని సైట్లను, సంస్థలను, ఊళ్లను విషయాలవారీగా విడదీసి, ఒక్కోదానికి చిరునామా, రెండు ముక్కల పరిచయం రాసి పెట్టే పట్టికను వెబ్ డైరెక్టరీ అంటారు. సెర్చ్ ఇంజన్‌లో ఈ పని యంత్రం చేస్తుంది, డైరెక్టరీలో మనిషి చేస్తాడు. జీతం ఆశించకుండా, తీరిక వేళల్లో, ఇష్టం కొద్దీ జనం నడిపేవి స్వచ్ఛంద డైరెక్టరీలు. ప్రపంచస్థాయిలో వీటిలో పెద్దది 2017లో మూతపడిన డీమోజ్. తెలుగులో బ్లాగుల జాబితాగా పేరు తెచ్చుకున్న కూడలి, వేల ఊళ్లకు పేజీలు పెట్టిన తెలుగు వికీపీడియా కూడా ఈ కోవలోకే వస్తాయి. వికీపీడియా విజ్ఞాన సర్వస్వమే అయినా, దాని గ్రామాల పేజీలు చేసే పని మాత్రం డైరెక్టరీ పనే.

ఇలాంటి పట్టికను మొదలుపెట్టడం పెద్ద కష్టం కాదు. ఊపు మీద ఉన్నప్పుడు కొన్ని నెలల్లోనే వేల పేర్లు ఎక్కుతాయి. ఎక్కిన పేరు ఇప్పటికీ నిజమేనా అని మళ్లీ మళ్లీ చూసుకోవాల్సి వచ్చినప్పుడే అందరూ చేతులెత్తేశారు. పెద్ద నగరాల పేజీల్లో ఈ లోపం అంతగా బయటపడదు. చూసేవాళ్లు ఎక్కువ కాబట్టి దిద్దేవాళ్లూ దొరుకుతారు. కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న కోసిగి లాంటి మండల కేంద్రం దగ్గరికి వచ్చేసరికి చిక్కులన్నీ ఒకేచోట పోగుపడతాయి. అందుకే ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతానివి.

పుట్టుపూర్వోత్తరాలు

వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1991లోనే సెర్న్‌లో వర్చువల్ లైబ్రరీ పేరుతో ఒక విషయసూచిక మొదలుపెట్టాడు. ఒక్కో శాఖను ఆ విషయం తెలిసిన ఒక్కో స్వచ్ఛంద సేవకుడు చూసుకునేవాడు. 1994లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో తమకు నచ్చిన సైట్ల జాబితా తయారుచేశారు. అదే యాహూ అయింది. యాహూ జీతాలిచ్చి ఎడిటర్లను పెట్టుకుంది కానీ, సైట్లు పెరిగే వేగాన్ని వాళ్లు అందుకోలేకపోయారు.

జీతగాళ్లతో కానిది జనంతో అవుతుందన్న నమ్మకంతో రిచ్ స్క్రెంటా, బాబ్ ట్రూయెల్ 1998 జూన్‌లో గ్నూహూ అనే డైరెక్టరీ తెరిచారు. పేరు మీద అభ్యంతరాలు రావడంతో అది న్యూహూ అయింది. అదే ఏడాది నెట్‌స్కేప్ కొనుక్కుని ఓపెన్ డైరెక్టరీ ప్రాజెక్టు అని పేరు పెట్టింది. కొద్దికాలానికే నెట్‌స్కేప్‌ను ఏఓఎల్ కొనేసింది. డీమోజ్ అనేది ఓపెన్ డైరెక్టరీకి వాడుక పేరు. 2017 మార్చిలో మూతపడే నాటికి అందులో 38 లక్షలకు పైగా సైట్లు, పది లక్షలకు పైగా వర్గాలు, సుమారు 90 భాషల విభాగాలు ఉన్నాయి. ఎడిటర్ల సంఖ్య 90 వేలకు పైనే అని మొదటి పేజీలో కనిపించేది. ఆ లెక్క మొదటినుంచీ చేరినవాళ్లందరిదీ. ఏ రోజు చూసినా పని చేస్తున్నవాళ్లు అందులో చిన్న వంతే. నాలుగు నెలలు ఒక్క మార్పూ చేయకపోతే ఎడిటర్ ఖాతా నిద్రాణంలోకి పోయే నియమం ఉండేది. స్వచ్ఛంద సంస్థలు చెప్పుకునే సభ్యుల సంఖ్యల్ని ఇలా కాస్త విప్పి చూడటం మంచిది.

2006 అక్టోబరులో డీమోజ్ ప్రధాన సర్వరు కుప్పకూలింది. డిసెంబరు మూడో వారం దాకా ఎడిటర్లు పని చేసే వీలే లేకపోయింది. సర్వరు కంపెనీది, శ్రమ జనానిది. యంత్రం ఆగినప్పుడు దాన్ని లేపే అధికారం పని చేసేవాళ్ల చేతిలో లేదు. చివరకు మూసివేత నిర్ణయమూ అలాగే కంపెనీ నుంచే వచ్చింది. డీమోజ్ సమాచారాన్నే వాడుకుని నడిచిన గూగుల్ డైరెక్టరీ 2011లో, యాహూ డైరెక్టరీ 2014 చివర్లో అప్పటికే వెళ్లిపోయాయి. డీమోజ్ ఎడిటర్లలో కొందరు కర్లీ అనే పేరుతో ఆ పట్టికను నిలబెట్టుకున్నారు.

తెలుగులో

తెలుగు సైట్లకు డైరెక్టరీ కట్టాలంటే మొదటి అడ్డంకి ఖతి, అంటే ఫాంటు. 2000 ప్రాంతంలో ఒక్కో పత్రిక సైటుకు ఒక్కో సొంత ఫాంటు ఉండేది. ఆ ఫాంటు దించుకోకపోతే తెర మీద పిచ్చి గుర్తులు కనిపించేవి. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది కానీ, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాకే మామూలు కంప్యూటర్లలో వాడకం మొదలైంది. పాత ఫాంట్లలోని రాతను యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే పరికరాన్ని వెన్న నాగార్జున తయారుచేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టింది కూడా ఆయనే.

వీవెన్ 2006లో కూడలి పెట్టారు. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే లేఖిని కూడా అదే ఏడాది ఆయన చేతి మీదుగానే వచ్చింది. ఎవరో కొత్త టపా రాస్తే గంటల్లో కూడలిలో కనబడేది. తేనెగూడు, జల్లెడ, హారం, మాలిక లాంటివి ఆ తర్వాతి ఏళ్లలో ఇదే పని చేశాయి. అన్నిటికీ దాదాపు ఒకటే కథ. ఒకరిద్దరి ఉత్సాహం, ఒకరిద్దరి జేబు, ఆఫీసు పని అయ్యాక రాత్రిపూట మరమ్మతు. డొమైన్ పేరుకు ఏటా కట్టాలి, సర్వరుకు నెలనెలా కట్టాలి. రాసేవాళ్లు ఫేస్‌బుక్‌కు తరలిపోయాక చూసేవాళ్లూ తగ్గారు, చాలామటుకు ఆగిపోయాయి. డైరెక్టరీ బతుకు దాని లోపలి సైట్ల బతుకును బట్టే ఉంటుందన్న సంగతి తెలుగువాళ్లకు బాగా దగ్గరగా తెలిసింది అప్పుడే.

తెలుగు వికీపీడియా దారి వేరు. సర్వరు ఖర్చు వికీమీడియా ఫౌండేషన్ చూసుకుంటుంది. ఇక్కడ ఊళ్ల పట్టిక పెద్ద ఎత్తున మొదలైంది 2006-07 ప్రాంతంలో. మండలాలవారీగా గ్రామాల పేర్లు సేకరించి, బాట్లు అనే ప్రోగ్రాముల సాయంతో ఊరికో పేజీ సృష్టించారు. ఒక్కో పేజీలో ఫలానా ఊరు ఫలానా జిల్లా, ఫలానా మండలంలో ఉంది అన్న ఒక్క వాక్యమే ఉండేది. వికీ భాషలో వీటిని మొలకలు అంటారు. ఒక్క వాక్యం పేజీలతో వ్యాసాల సంఖ్య పెంచుకోవడం ఏం గొప్ప అని వికీ చర్చావేదిక రచ్చబండలో వాదాలు నడిచాయి. తర్వాతి సంవత్సరాల్లో 2011 జనగణన సమాచారాన్ని ఈ పేజీల్లోకి ఎక్కించారు. బడి ఎంత దూరం, ఆసుపత్రి ఎక్కడ, తాగునీళ్లు ఎలా వస్తాయి, కరెంటు ఎన్ని గంటలు లాంటివి. మొలకలకు కొమ్మలైతే వచ్చాయి. ఆ వివరాలు ఏ రోజువో మాత్రం చదివేవాడు గుర్తుపెట్టుకోవాలి. తర్వాతి జనగణనకు లెక్క తేదీ 2027 మార్చి 1 కాబట్టి, 2011 నాటి బడే ఇప్పటికీ ఆ పేజీల్లో తాజా బడి.

కోసిగిని ఏ కొమ్మకు కట్టాలి

డైరెక్టరీకి చెట్టులాంటి నిర్మాణం ఉంటుంది: దేశం, రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు. ప్రతి పేరుకూ పైన ఒకే ఒక కొమ్మ ఉంటుందని ఈ పద్ధతి నమ్ముతుంది. కోసిగి చరిత్ర ఆ నమ్మకానికి లొంగదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా ఆదోని తాలూకా మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాలో ఉండేది. కోసిగి ఆ తాలూకాలోని ఊరు. ఆనాటి రికార్డులు, 1904 నాటి గెజిటీర్‌తో సహా, బళ్లారి పేరు మీదే దొరుకుతాయి. ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు రావడంతో కోసిగి తానే ఒక మండల కేంద్రమైంది. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత మంత్రాలయం, కౌతాళం, పెద్దకడుబూరు మండలాలతో కలిసి మంత్రాలయం శాసనసభ స్థానంలో చేరింది. 2014 జూన్‌లో రాష్ట్రం రెండైంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. నంద్యాల విడిపోయినా కోసిగి కర్నూలు జిల్లాలోనే, ఆదోని డివిజన్‌లోనే మిగిలింది.

ఊరు కదల్లేదు కాబట్టి దాని పేజీకి పని లేదనుకుంటే పొరపాటు. జిల్లా పటం మారింది, మండలాల సంఖ్య మారింది, పేజీ అడుగున ఉండే పెట్టెలోని పేర్లు మారాయి. నంద్యాల వైపు వెళ్లిన ఒక్కో ఊరి పేజీలో జిల్లా పేరు మార్చాలి. దానికి బాటు పెట్టవచ్చు. కానీ అదే పేజీలో ‘జిల్లా కేంద్రానికి ఇన్ని కిలోమీటర్లు’ అని ఉంటే ఆ దూరం కర్నూలు నుంచా, నంద్యాల నుంచా అనేది బాటుకు తెలియదు. ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో ముగించిన పనికి స్వచ్ఛంద సేవకులు నెలల తరబడి తోక పట్టుకుని తిరగాలి. తెలంగాణలోనూ ఇదే జరిగింది. 2016 అక్టోబరులో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో మరో రెండు కలిసి 33 అయ్యాయి.

ఆ చివరి రెండింటిలో ఒకటైన నారాయణపేట కోసిగికి ఇంకో తలనొప్పి తెచ్చింది. ఆ జిల్లాలో కోస్గి అనే పట్టణం ఉంది, అదీ మండల కేంద్రమే. 2019 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఒకటి తుంగభద్రకు దక్షిణాన, మరొకటి కృష్ణకు ఉత్తరాన. కాగితం మీద తేడా స్పష్టమే. కానీ ఆదోని, మంత్రాలయం రోడ్ స్టేషన్ల మధ్య గుంతకల్లు–రాయచూరు లైనులో ఉన్న మన కోసిగి రైల్వే స్టేషన్ పేరు రైల్వే పట్టికల్లో కోస్గి. ఇక ఒక ఊరి బడి ఫొటో రెండో ఊరి పేజీలోకి, ఒక ఊరి నాయకుడు రెండో ఊరి ప్రముఖుల్లోకి ఎక్కడానికి ఎంతసేపు? వికీలో దీనికి అయోమయ నివృత్తి పేజీ అనే మందు ఉంది. ఒకే పేరున్న వాటన్నిటినీ ఒకచోట చూపి, ఏది ఎక్కడిదో చెబుతుంది. ఆ మందు వేయాలంటే ముందు జబ్బు ఉందని ఎవరికో తట్టాలి. రెండు ఊళ్లూ తెలిసినవాడికే అది తడుతుంది.

ఎమ్మిగనూరుదీ ఇదే గొడవ. తెలుగులో ఎమ్మిగనూరు, యెమ్మిగనూరు రెండూ రాస్తారు. ఇంగ్లీషులో ‘వై’తో ఒకరు, ‘ఇ’తో ఒకరు మొదలుపెడతారు. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం వల్ల దేశమంతా తెలిసిన ఊరే అయినా, అక్షరక్రమంలో పెట్టిన పట్టికలో అది రెండు మూలల్లో ఉంటుంది. ఒక మూల దిద్దిన తప్పు రెండో మూల అలాగే మిగిలిపోతుంది.

భాష మరో గీత గీస్తుంది. డీమోజ్‌లో ఇంగ్లీషు సైట్లు ప్రాంతం కింద, మిగతా భాషలవి ‘ప్రపంచం’ అనే వేరే కొమ్మ కింద ఉండేవి. ఆదోని ప్రాంతంలో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ ఇళ్లల్లో వినబడతాయి. ఆదోని గురించి ఎవరైనా ఒక్కో భాషలో ఒక్కో సైటు పెడితే, అవి ఒకదానికొకటి కనబడనంత దూరంలో, వేరే వేరే ఎడిటర్ల చేతుల్లో పడేవి. పేరుకు క్రాస్ లింకులు ఉండేవి. వాటిని వేయడం ప్రత్యేకంగా ఎవరి పనీ కాదు కాబట్టి తరచూ మిగిలిపోయేవి.

చచ్చిన లింకులు

ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోలేదు. ఇంగ్లీషు వికీపీడియా వ్యాసాల్లో సగానికి పైగా వాటిలో కనీసం ఒక మూలం లింకు చచ్చినదేనని ఆ అధ్యయనం చెప్పింది. డీమోజ్‌లో లింకుల్ని తట్టి చూడటానికి రోబోజిల్లా అనే ప్రోగ్రాం ఉండేది. పలకని చిరునామాల్ని పక్కన పెట్టి ఎడిటరుకు చూపేది.

అసలు ఇబ్బంది పలకని చిరునామాతో కాదు, తప్పుగా పలికేదానితో. ఒక బడి పాత విద్యార్థులు సైటు పెట్టుకుంటారనుకుందాం. మూడో ఏడు డొమైన్‌కు డబ్బు కట్టడం మరిచిపోతారు. ఆ పేరును ఎవడో కొనుక్కుని పేకాట, బెట్టింగ్ ప్రకటనలు పెడతాడు. యంత్రం తట్టి చూస్తే తలుపు తెరుచుకుంటుంది, కాబట్టి దాని దృష్టిలో అంతా బాగానే ఉంది. బడి పేరు నొక్కిన పిల్లవాడు జూదం అంగట్లో తేలతాడు. దీన్ని పట్టుకోగలిగేది కంటితో చూసే మనిషి ఒక్కడే. లక్షల లింకుల్ని కంటితో చూసే మనుషులు ఎవరికీ లేరు.

ప్రభుత్వ సైట్లు నిలకడగా ఉంటాయన్నది ఇంకో భ్రమ. కర్నూలు జిల్లా సైటు మొదట కేంద్ర ప్రభుత్వ సంస్థ నిక్ చిరునామాతో ఉండి, తర్వాత రాష్ట్ర ప్రభుత్వ చిరునామాకు మారింది. లోపలి పేజీల దారులూ మారిపోయాయి. పాత చిరునామాను మూలంగా చూపిన ఊళ్ల పేజీలన్నిటికీ ఒక్కసారిగా కాళ్ల కింద నేల లేకుండా పోయింది. ఉచితంగా దొరికే చోట్లదీ ఇదే తీరు. జియోసిటీస్ 2009 అక్టోబరులో, యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో పోయాయి. తెలుగువాళ్లు పెట్టుకున్న పేజీలు, చర్చలు వాటిలోనూ ఉండేవి. ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996 నుంచి వెబ్ పేజీల నకళ్లు దాస్తోంది కాబట్టి కొంత నయం. అయితే నకలు తీసే యంత్రం ఆ పేజీ దాకా రావాలంటే దానికి లింకు ఇచ్చినవాళ్లు ఉండాలి. చిన్న ఊళ్ల సైట్లకు అదే కరువు.

మనుషుల గొడవ

డీమోజ్ సమాచారాన్ని గూగుల్ వాడుకుంటున్న రోజుల్లో అందులో చోటు దక్కితే సెర్చ్‌లో పైకి వస్తామని వ్యాపారులు నమ్మారు. ఆ నమ్మకంతోనే దరఖాస్తులు వరదలా వచ్చాయి. నెలలు, కొన్నిచోట్ల సంవత్సరాలు ఆగినా జవాబు రాలేదని ఫిర్యాదులు లేచాయి. కొందరు ఎడిటర్లు తమ సైట్లను పైకి తోసి, పోటీదారుల్ని తొక్కిపెడుతున్నారన్న ఆరోపణలూ వచ్చాయి. జీతం లేని పదవికి విలువ పుట్టగానే ఆ పదవి కోసమే చేరేవాళ్లు వస్తారు. వాళ్లను కాచుకోవడానికి పై స్థాయి ఎడిటర్లు, వాళ్ల మీద ఇంకొకరు, ఇలా మెట్లు పెరిగాయి. కొత్తగా వచ్చినవాడికి పని కంటే నియమాలు ముందు ఎదురయ్యాయి.

తెలుగు వికీలో వాణిజ్యం ఒత్తిడి తక్కువ, సొంతూరి మమకారం ఒత్తిడి ఎక్కువ. తరచూ జరిగేది ఇది: ఊరి కుర్రాడొకడు ఫోనులో తన ఊరి పేజీ చూస్తాడు. ‘మా ఊరు చాలా అందమైనది’ అని రాస్తాడు, ప్రముఖుల కింద సర్పంచి పేరు, అన్న పేరు, ఒక్కోసారి తన పేరు చేరుస్తాడు. ‘ఇటీవలి మార్పులు’ కాసుకుని కూర్చున్న నిర్వాహకుడు దాన్ని చెరిపేస్తాడు. నియమం ప్రకారం అతను చేసింది సరైనదే. కుర్రాడు మళ్లీ రాడు. ఆ మూడు ముక్కల్లో ఊరి గుడి పేరు సరిదిద్దిన ఒక ముక్క కూడా ఉండి ఉంటే అదీ దానితో పాటే పోతుంది. నెలకు వందకు మించి మార్పులు చేసే తెలుగు వికీపీడియన్లు కొద్దిమందే. ఒక్కో కొత్తవాణ్ణి కూర్చోబెట్టి చెప్పే తీరిక వాళ్లకు ఎక్కడిది? తిట్టాల్సింది నిర్వాహకుణ్ణి కాదు. ‘చెరిపెయ్’ మీట ఒక్క నొక్కుతో అయిపోయేలా, ‘నేర్పించు’ అనేదానికి మీటే లేకుండా కట్టిన పద్ధతిని తిట్టాలి.

ఫోన్ నంబర్లతో వచ్చే చిక్కు కొత్తది. మెకానిక్, ఆర్‌ఎంపీ, జీపు డ్రైవరు లాంటివాళ్ల నంబర్లే ఊరి డైరెక్టరీకి ప్రాణం. అవి వ్యక్తుల సొంత నంబర్లు కూడా. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తర్వాత, అడగకుండా నంబరు ఎక్కించడం మర్యాదకే కాదు, చట్టానికీ సంబంధించిన ప్రశ్న అయింది.

రాసేవాళ్లు ఊళ్లో లేనప్పుడు

కర్నూలు జిల్లాలో అక్షరాస్యత తక్కువగా ఉన్న మండలాల్లో కోసిగి ఒకటి. వానాకాలం పంట చేతికొచ్చాక ఈ పడమటి మండలాల నుంచి కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరప కోతకు, తెలంగాణకు పత్తి తీయడానికి, బెంగళూరుకు కట్టడం పనికి. వెనక మిగిలే పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడపాల్సి వచ్చేంత వలస అది. జనగణన ఇంటింటికీ తిరిగేది ఫిబ్రవరిలో, మిరప కోతలు జోరుగా ఉండేదీ ఆ రోజుల్లోనే. కాబట్టి కోసిగి చుట్టుపక్కల ఊళ్ల పేజీల్లోని జనాభా అంకెను, ఆ నెల ఊళ్లో ఎందరుండి ఉంటారన్న ఆలోచనతో కలిపి చదవాలి. పేజీలో ఆ హెచ్చరిక ఉండదు.

ఇలాంటి చోటి పేజీని సాధారణంగా హైదరాబాదులోనో, విదేశంలోనో కూర్చున్నవాళ్లు జనగణన పట్టికలు చూసి రాస్తారు. పట్టికకు రెవెన్యూ గ్రామమే ఊరు. జనానికి మజరా, అంటే శివారు పల్లె, కూడా ఊరే, పంచాయతీ ఇంకోటి. ఊళ్లోవాళ్లు తమ ఇల్లున్న మజరా పేరు వెతికితే దొరకదు. ఊరి అసలు సమాచారం ఈలోపు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. ఆదోని మార్కెట్లో ఆ రోజు పత్తి ధర, కోసిగిలో దిగే డాక్టరు వచ్చే వారం, బస్సు టైము. అవన్నీ ఫొటోలు, వాయిస్ మెసేజిలు. వాటికి చిరునామా ఉండదు, మర్నాటికి వెతికినా దొరకవు. డైరెక్టరీ పట్టుకోగలిగింది పాతబడిన సమాచారం, జనానికి కావలసింది డైరెక్టరీకి అందదు. ఈ ఎడం ఏ సాఫ్ట్‌వేరుతోనూ పూడేలా లేదు.

ఇటీవలి దారులు

పేర్ల తిప్పలు తగ్గించడానికి అంకెల్ని నమ్ముకోవడం ఇప్పటి పద్ధతి. 2012లో మొదలైన వికీడేటాలో ప్రతి ఊరికీ ఒక సంఖ్య ఉంటుంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కూడా గ్రామాలకు కోడ్లు ఇచ్చింది. జిల్లా మారితే వికీడేటాలో ఒక్కచోట మారుస్తారు, దాని నుంచి తీసుకునే పేజీలన్నిటిలో మార్పు కనబడుతుంది. కోసిగికీ, కోస్గికీ సంఖ్యలు వేరు కాబట్టి యంత్రం వాటిని కలపదు. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మజరాలకూ చుక్క పెట్టుకోవచ్చు, రెవెన్యూ రికార్డు ఒప్పుకోనక్కర్లేదు.

ఇవేవీ సరిచూసే మనిషికి బదులు కావు. దీర్ఘకాలం నిలిచిన డైరెక్టరీలు రెండు పనులు చేస్తాయి: పరిధి చిన్నదిగా పెట్టుకుంటాయి, ప్రతి పేరు పక్కన చివరిసారి సరిచూసిన తేదీ వేస్తాయి. రెండోది చాలా పట్టికల్లో కనబడదు, ఎందుకంటే ఆ తేదీ నిర్వాహకుల పరువు తీస్తుంది. కోసిగి మండలం ఒక్కదానికే ఎవరైనా ఇలాంటి పట్టిక పెట్టుకుంటే, ఏడాదికోసారి ఊరూరా అడిగి దిద్దడానికి ఉగాది తర్వాతి వారాలు అనువైనవి. సుగ్గికి పోయినవాళ్లలో చాలామంది అప్పటికి ఇళ్లకు చేరి ఉంటారు, కొత్త సాగు పనులు ఇంకా మొదలై ఉండవు.